తెన్నేటి భవన్, టౌన్‌హాలు, మన కౌన్సిల్: ప్రెస్ గ్యాలరీ నుంచి చూసినంత

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో అసెంబ్లీ చూశాం, విశాఖలో అలాంటి చట్టసభ భవనం ఏదైనా ఉందా? ఆశీల్‌మెట్టలో ఉన్న తెన్నేటి భవన్ అదేనా? దానికా పేరెందుకు? లోపల ఏం జరుగుతుంది, మామూలు మనిషి వెళ్లి చూడొచ్చా? అన్నిటికీ చెబుతాను గానీ వరస తప్పితే ఏమీ అనుకోకండి. నేను 2007 నుంచి ఐదేళ్లు ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా కౌన్సిల్ వార్తలు రాసినవాణ్ణి. జీతం లేదు, లైన్ అకౌంటే. అంటే అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి అంతకే డబ్బిస్తారు. కౌన్సిల్లో గొడవ జరిగితే వార్త పొడుగు. అందుకని గొడవ జరిగిన నెలలో మా ఇంట్లో వంజరం పులుసు, సజావుగా జరిగిన నెలలో నెత్తళ్లు.

ముందు సూటిగా జవాబు. విశాఖలో శాసనసభ ఎప్పుడూ కూర్చోలేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సభ కర్నూలులో, 1956 నవంబర్ 1 తర్వాత హైదరాబాద్‌లో, 2017 నుంచి వెలగపూడిలో. మూడు రాజధానులని 2020లో చట్టం చేసినప్పుడు కూడా మనకు రాసింది సచివాలయమే, శాసనసభను అమరావతిలోనే ఉంచారు. ఆ చట్టాన్నీ 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఈ ఊళ్లో ఎన్నికైనవాళ్లు కూర్చుని చేతులెత్తి తీర్మానాలు చేసే చోట్లు రెండే. ఒకటి తెన్నేటి భవన్‌లోని జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మునిసిపల్ కార్పొరేషన్) కౌన్సిల్, రెండోది జిల్లా పరిషత్ (జెడ్పీ).

జెడ్పీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బ్రిటిష్‌వాళ్ల కాలంలో అది డిస్ట్రిక్ట్ బోర్డు. 1959 చట్టంతో జిల్లా పరిషత్ అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అని మూడు చేశారు కదా, అయినా జెడ్పీని మాత్రం ముక్కలు చేయలేదు. పాడేరు వైపు నుంచి జెడ్పీటీసీ సభ్యుడు వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ దిగి, తన జిల్లా కాని జిల్లాకు వచ్చి, తన జిల్లా పనుల గురించి మాట్లాడి మళ్లీ ఘాట్ ఎక్కుతాడు. ఈ విడ్డూరం మీద ఎవరైనా వివరంగా రాయాలి, నాకైతే ఆ హాలు అంతగా అలవాటు లేదు.

ఇక కౌన్సిల్. దీని కథ వన్‌టౌన్‌లో, అంటే పాత ఊళ్లో మొదలవుతుంది, నాకు తగిలిన మొదటి మొట్టికాయ కూడా అక్కడే.

పనిలో చేరిన కొత్తలో ఆదివారం పేజీకి ఒక వ్యాసం రాశాను. ‘తెల్లదొరలు కట్టించిన టౌన్‌హాలు’ అని హెడ్డింగు కూడా నేనే పెట్టాను. మంగళవారం పొద్దున్న మా బ్యూరో ఆఫీసు మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చెంగల్రావుపేట నుంచి నడిచొచ్చాడట. చేతిలో మా పేపరు నాలుగు మడతలు. “నువ్వేనా బాబూ రాసింది? దొర కట్టడవేటి? బొబ్బిలి రాజావారిచ్చిన డబ్బు అది. దొరకి దండాలెట్టుకో, వద్దన్ను. రాజావారి డబ్బు ఆడికి రాసీకు” అన్నాడు. నేను సారీ చెప్పబోతే ఆపి, “సారీ ఎందుకు, రా చూపిత్తాను” అని ఆటో పిలిచాడు. ఆటో డబ్బులు మాత్రం నాచేతే ఇప్పించాడు.

ఆయన చెప్పింది నిజమే. వన్‌టౌన్ టౌన్‌హాలు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో బొబ్బిలి రాజా విరాళంతో లేచింది. జమీందార్లు ఊరికి ఏదో ఒకటి కట్టించడం ఇక్కడ మామూలే. కురుపాం మార్కెట్టు పేరులోనే కురుపాం ఉంది చూడండి. టౌన్‌హాలంటే పేరుకు తగ్గట్టే ఊరివాళ్లు కూడుకునే హాలు. సభలు, సన్మానాలు, ఉపన్యాసాలు. మునిసిపల్ పాత ఆఫీసు కూడా ఆ వన్‌టౌన్‌లోనే ఉండేది, ఎందుకంటే అప్పటికి ఊరంటే వన్‌టౌనే. హార్బరు 1933లో తెరిచారు, 1926లో బెజవాడలో పుట్టిన యూనివర్సిటీ 1930లో ఇక్కడికి వచ్చింది. అవి వచ్చాకే ఊరు ఉత్తరానికీ పడమటికీ పాకింది. ఊరు పాకింది కాబట్టి ఆఫీసూ పాకింది, వన్‌టౌన్ నుంచి ఆశీల్‌మెట్టకి.

మీరు చూసిన హైదరాబాద్ అసెంబ్లీ తెల్ల భవనం కూడా పుట్టుకతో టౌన్‌హాలే, తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా జనం చందాలేసుకుని కట్టించారు. 1905లో మొదలై 1913కి పూర్తయింది. అక్కడ టౌన్‌హాలుకి శాసనసభ అయ్యే యోగం పట్టింది, మన టౌన్‌హాలుకి పట్టలేదు. పెద్దాయనతో ఈ మాటంటే నవ్వి, “దానికా ఖర్మ పట్టనందుకు అమ్మోరికి దండం ఎట్టుకుందాం పద” అని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకుపోయాడు.

మునిసిపాలిటీ విషయానికొస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టణాల బాగు కోసమని 1865లో ఒక చట్టం చేశారు. మన ఊరికీ, పక్కన భీమిలికీ మునిసిపాలిటీలు ఆ 1860ల్లోవే. అప్పట్లో సభ్యులంతా సర్కారు నియమించినవాళ్లు, పైన కలెక్టరు కూర్చునేవాడు. 1884 చట్టంతో పన్ను కట్టేవాళ్లు కొందరు సభ్యుల్ని ఎన్నుకునే వీలొచ్చింది. 1920 చట్టంతో పగ్గాలు ఎన్నికైనవాళ్ల చేతికి ఇంకొంచెం వచ్చాయి. ఈ మూడు మెట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, కుర్చీలోంచి కలెక్టరు లేవడానికి యాభై అయిదేళ్లు పట్టిందన్నమాట. లేచి ఎక్కువ దూరం వెళ్లలేదనుకోండి, ఆ సంగతి తర్వాత.

కార్పొరేషన్ అయింది 1979లో. దానికోసం విశాఖ పేరుతో ప్రత్యేక చట్టమే చేశారు గానీ, అందులోని అసలు సరుకు హైదరాబాద్‌ది. 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్టాన్నే తెచ్చి ఇక్కడికి వర్తింపజేశారు. కాబట్టి మీకు అక్కడి కార్పొరేషన్ పద్ధతులు తెలిస్తే ఇక్కడివీ సగం తెలిసినట్టే. 1981లో మొదటి ఎన్నికలు. తెలుగునాట ఆ పార్టీని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని రోజుల్లో భారతీయ జనతా పార్టీ నుంచి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మొదటి మేయరయ్యారు. పాత తరం కార్పొరేటర్లు ఇప్పటికీ ఆ ఎన్నిక గురించి పెళ్లి ముచ్చట్లలా చెప్పుకుంటారు. తర్వాత డి.వి. సుబ్బారావు, సబ్బం హరి, రాజాన రమణి. 2005 నవంబర్‌లో గాజువాక మునిసిపాలిటీనీ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి గ్రేటర్ చేశారు. వార్డులు 72 అయ్యాయి. 2007లో ఎన్నికైన ఆ 72 మంది కౌన్సిలే నేను మొదట చూసింది, మేయరు పులుసు జనార్దనరావు. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. ఇప్పుడు వార్డులు 98.

ఇక ఆ పేరెందుకని కదా అడిగారు. తెన్నేటి విశ్వనాథం గారిది. స్వాతంత్ర్య సమరంలో జైలుకెళ్లిన మనిషి. 1952 ఎన్నికల్లో గెలిచి మద్రాసు శాసనసభలో కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో చేరారు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో ముందున్నారు, ఆ మరుసటి ఏడు స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. మద్రాసు, కర్నూలు, ఢిల్లీ, మూడు చోట్ల సభల్లో కూర్చున్న మనిషి పేరు మా మునిసిపల్ ఆఫీసుకి పెట్టారు. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు కూడా ఆయన పేరే. ఊళ్లో చాలామందికి పార్కు తెలుసు, మనిషి తెలీదు. ఆటోవాడితో “తెన్నేటి” అని ఊరుకున్నారంటే నేరుగా పార్కుకు తీసుకుపోతాడు. “జీవీఎంసీ ఆఫీసు, గాంధీ బొమ్మ” అనండి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం.

పోడియం మీద మేయరు, పక్కన కమిషనరు. ఎదురుగా కార్పొరేటర్లు పార్టీల వారీగా. ఊరి ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే తమ పదవి వల్ల సభ్యులైనవాళ్లు, వచ్చిన రోజు వస్తారు. విలేకర్లు ఒక పక్కన. సమావేశానికి ముందు అజెండా పుస్తకం పంచుతారు, అందులో ఒక్కో అంశానికీ ఒక నంబరు. ఫలానా వార్డులో సీసీ రోడ్డుకు పరిపాలనా ఆమోదం, ఫలానా కాంట్రాక్టు పొడిగింపు, ఫలానా ఉద్యోగి డెప్యుటేషన్. చదివితే నిద్రొస్తుంది. కానీ కౌన్సిల్ వార్తలు రాసేవాడు అసలు చూడాల్సింది ఆ పుస్తకం కాదు, అప్పటికప్పుడు బల్ల మీదకు వచ్చే టేబుల్ అంశాలు. నాకు ఈ కిటుకు నేర్పింది అక్కడి అటెండరే. “మందంగా ఉన్నది చదివి ఏం లాభం, పల్చటి కాయితాలు చూడండి” అన్నాడు. ఐదేళ్లలో నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే.

కౌన్సిల్‌ని చట్టసభ అనడం కొంచెం ఎక్కువే. చట్టం చేసే అధికారం దానికి లేదు. రాష్ట్రం చేసిన చట్టానికి లోబడి బైలాలు చేసుకోవచ్చు, వాటికీ ప్రభుత్వం ఒప్పుకోవాలి. కౌన్సిల్ చేసిన తీర్మానాన్ని ప్రభుత్వం నిలిపేయొచ్చు. కమిషనరును పంపేదీ ప్రభుత్వమే, పనులు నడిపేదీ ఆయనే. ఇందాక కలెక్టరు కుర్చీ లేచి ఎక్కువ దూరం వెళ్లలేదన్నది అందుకే. మధ్యలో పదిమంది సభ్యుల స్టాండింగ్ కమిటీ ఉంటుంది. వాళ్లను కార్పొరేటర్లే ఏడాదికోసారి ఎన్నుకుంటారు. డబ్బుకు సంబంధించిన అంశాలు చాలా వరకు అక్కడే తేలిపోతాయి. కాబట్టి జనం చూసేది కౌన్సిల్, తెలిసినవాళ్లు చూసేది స్టాండింగ్ కమిటీ.

అయినా కౌన్సిలంటే నాకు ఇష్టం. ఎందుకో ఒక ముచ్చట చెబితే తెలుస్తుంది.

2021లో కొత్త కౌన్సిల్ వచ్చింది, అందులో సగం వార్డులు ఆడవాళ్లకే. అప్పటికి నేను పత్రిక వదిలేసి జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకున్నాను. పాత మిత్రుడొకడు రమ్మంటే మొదటి రోజుల్లో ఒక సమావేశానికి వెళ్లాను. సముద్రం ఒడ్డు పేట నుంచి గెలిచిన ఒకావిడ మాట్లాడాలని లేచింది. చేతిలో రూళ్ల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, ఆ కాగితం వణుకుతోంది. మాట్లాడుతోంది గానీ వినపడటం లేదు. పక్కావిడ చెయ్యి చాపి మైకు బటన్ నొక్కింది, ఎర్ర లైటు వెలిగింది. ఒక్కసారిగా తన గొంతు హాలంతా మోగేసరికి ఆవిడే ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టింది. “అధ్యక్షా అనాలని చెప్పినారు. నాకా మాట నోరు తిరగదు. మేయరమ్మా అంటాను, తప్పయితే చమించండి.” హాలంతా నవ్వు, బల్లలు చరిచారు. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత కాగితం మడిచి బొడ్లో దోపుకుని, చూడకుండానే మాట్లాడింది. వలలు ఆరబెట్టుకుని బాగుచేసుకునే చోట నీడకి ఒక రేకుల షెడ్డు కావాలంది. ఎన్ని అడుగులు పొడుగు, ఎన్ని వెడల్పు, స్తంభాలు ఎందుకు ఇనపవి కాకూడదు (ఉప్పుగాలికి ఏడాదిలో తినేస్తాయి, సిమెంటు స్తంభాలే కావాలి), అన్నీ చెప్పింది. ఇంజినీరింగు అధికారి తల వంచుకుని రాసుకుంటూ పోయాడు. మొత్తం మూడు నిమిషాలు.

షెడ్డు సంగతి నేను తర్వాత కనుక్కోలేదు. షాపు గొడవల్లో పడిపోయాను. కానీ ఆ పేటలో స్తంభం సిమెంటుదా ఇనపదా అన్న మాట ఊరి మొత్తానికి వినపడేలా మైకులో చెప్పగలిగే చోటు ఈ నగరంలో అదొక్కటే.

ఆ చోటు తొమ్మిదేళ్లు మూగగా ఉంది. నేను చూసిన కౌన్సిల్ గడువు 2012 ఫిబ్రవరిలో అయిపోయింది. తర్వాత విలీనాలు, వార్డుల పునర్విభజన, కోర్టు కేసులు. చివరికి 2020 మార్చిలో ఎన్నికలు మొదలైతే కరోనా వచ్చి ఆపేసింది. పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. ఆ మధ్య కాలమంతా ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం కింద ఒక అధికారి సంతకం పెడితే సరిపోయేది. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్‌లో, ఊరు ఊరంతా చెట్లు కూలి కరెంటు లేక అల్లాడిన ఆ రోజుల్లో కూడా ఈ నగరానికి కార్పొరేటర్ లేడు. తుపాను పనులు అధికారులు బాగానే చేశారని మా వీధిలో చాలామంది అంటారు, నేనూ కాదనను. పని జరిగిందా లేదా అన్నది వేరు, నిలదీసి అడిగేందుకు మనిషి ఉన్నాడా లేదా అన్నది వేరు. నా సొంత నష్టం చిన్నది. కౌన్సిల్ లేకపోతే కౌన్సిల్ వార్తల్లేవు, స్కేలుతో కొలవడానికేం మిగల్లేదు. అలా వచ్చిందే జిరాక్సు షాపు.

ఈ మధ్యన జరిగిన పెద్ద ఘట్టం 2025 ఏప్రిల్ 19న మేయరు గొలగాని హరి వెంకటకుమారి మీద పెట్టిన అవిశ్వాసం. అప్పటి నిబంధన ప్రకారం నాలుగేళ్లు నిండేదాకా మేయరు మీద అవిశ్వాసం పెట్టకూడదు, నిండిన వెంటనే పెట్టారు. ఎక్స్ అఫీషియోలతో కలిపి 111 మంది, మూడింట రెండొంతులంటే 74 ఓట్లు కావాలి. సరిగ్గా 74 వచ్చాయి, ఒకటి తక్కువైతే వీగిపోయేది. ఆ నెల 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఆ రోజు షాపులో టీవీ ముందు నిలబడి లెక్క చూస్తుంటే నాకు కర్నూలు గుర్తొచ్చింది. 1954 నవంబర్‌లో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం విషయంలో అవిశ్వాసానికి పడిపోయింది ఒక్క ఓటు తేడాతోనే. ఆ మంత్రివర్గంలో ఉన్న తెన్నేటి గారి పేరే ఈ భవనం మీద ఉంది. ఆయన ఉండి ఉంటే లెక్క మళ్లీ మళ్లీ చూసుకోమనేవారేమో.

భవనం గురించి చెప్పి గేటు బయట సంగతి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఎదురుగా గాంధీ విగ్రహం ఉంది. ఈ ఊళ్లో ధర్నా అంటే అక్కడే. అంగన్‌వాడీ టీచర్లు, పారిశుధ్య కార్మికులు, ఉక్కు కార్మికులు. స్టీల్‌ప్లాంటు ప్రైవేటీకరణ వద్దంటూ 2021లో మొదలైన రిలే దీక్షల టెంటు అక్కడ ఏళ్ల తరబడి ఉంది. మా రోజుల్లో పద్ధతేంటంటే, కౌన్సిల్ ఉన్న రోజు పదింటికల్లా ముందు గాంధీ బొమ్మ దగ్గరకెళ్లి ఎవరు ఏ బ్యానరు కట్టారో చూసేవాళ్లం. లోపల జీరో అవర్‌లో (అజెండాలో లేని విషయాలు సభ్యులు లేవనెత్తే సమయంలో) ఏం లేస్తుందో అక్కడే తెలిసిపోయేది. లోపల సభ్యుడు మాట్లాడిన మాటలు చాలాసార్లు బయట బ్యానరు మీద అచ్చయి ఉండేవి, అక్షరదోషాలతో సహా.

మీరు వెళ్లి చూడాలంటే: ఆర్టీసీ కాంప్లెక్సులో దిగితే నడిచే దూరమే, లేదంటే సంపత్ వినాయకుడి గుడి అడిగితే ఎవరైనా చూపిస్తారు, అక్కణ్ణుంచి దగ్గర. కౌన్సిల్ రోజూ ఉండదు, తేదీ పేపర్లో వస్తుంది. నేను ప్రెస్ పాసు మీద వెళ్లేవాణ్ణి కాబట్టి నా దారి మీకు పనికిరాదు. మా వీధిలో ఒక మాస్టారు మాత్రం తన వార్డు కార్పొరేటరుకు ముందురోజే చెప్పి, ఆయనతో కలిసి వెళ్లి కూర్చుని చూసొచ్చారు. అదే తేలిక. పదిన్నరకని రాసుంటే పదకొండున్నరకు మొదలవుతుందని గుర్తుపెట్టుకుని, టిఫిన్ చేసి వెళ్లండి. మొదటి గంట ఒకరినొకరు తిట్టుకోవడానికి పోతుంది, అది చూసి లేచి వచ్చేయకండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత సగం కుర్చీలు ఖాళీ అయ్యాక అసలు పని జరుగుతుంది. ఆ తీరికలో వన్‌టౌన్ కూడా వెళ్లి టౌన్‌హాలు చూడండి. ఎవరు కట్టించారో ఎవరైనా తప్పు చెబితే సరిదిద్దండి.

ఫోను మాత్రం సైలెంట్‌లో పెట్టుకోండి. 2009లో అనుకుంటా, బడ్జెట్ మీద చర్చ, హాలు నిశ్శబ్దం. నా ఫోను కోడి కూసింది, అప్పట్లో అదే నా రింగ్‌టోను. జేబులో వెతుక్కునేలోపు మూడుసార్లు కూసింది. ముందు వరసలో ఒక సీనియర్ సభ్యుడు వెనక్కి తిరక్కుండానే, “అధ్యక్షా, విలేకరి మిత్రుడి అభ్యంతరం కూడా మినిట్స్‌లో రాయించండి” అన్నాడు.